మైదానం ఎవరిది? హైదరాబాదు ఫుట్‌బాల్, 1950

1

2025 డిసెంబరు 13వ తేదీన అర్జెంటీనా ఆటగాడు లియొనెల్ మెస్సీ హైదరాబాదు వచ్చి ఉప్పల్ స్టేడియంలో కాసేపు బంతి ఆడాడు. టిక్కెట్టు కొనగలిగినవాళ్ళు దగ్గరనుంచి చూశారు. కొనలేనివాళ్ళు టీవీల ముందు కూర్చున్నారు. ఈ సంబరానికి రెండు నెలల ముందే, అదే సంవత్సరం అక్టోబరులో, హైదరాబాదు పేరుతో దేశంలోని అగ్రశ్రేణి లీగులో ఆడుతూ వచ్చిన జట్టు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. 2022లో ఇండియన్ సూపర్ లీగు గెలిచిన జట్టు అది. మూడేళ్ళు తిరిగేసరికి యజమాని మారాడు, పేరు మారింది, ఊరు మారింది. నిర్ణయం యజమానులది, ఊరి ప్రజలకు అందులో మాటలేదు.

ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ప్రశ్న పుడుతుంది. ఒక జట్టు ఎవరిది? డబ్బు పెట్టినవాడిదా, జీతం ఇచ్చినవాడిదా, చెమటోడ్చి ఆడినవాడిదా, గోడెక్కి చూసినవాడిదా? ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి డెబ్బై అయిదేళ్ళు వెనక్కి వెళ్ళవలసి వుంటుంది. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును, ఢిల్లీలో డ్యూరాండ్ కప్పును, రెంటినీ గెలుచుకున్నది. దానికి శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు. 2024లో వచ్చిన హిందీ చిత్రం ‘మైదాన్’ వల్ల ఆయన పేరు ఈ తరానికి కొంత తెలిసింది. అయితే ఆ చిత్రకథ 1952లో మొదలై 1962లో ముగుస్తుంది. భారతజట్టు గెలుపోటముల కథ అది. ఆ గెలుపుకు పునాది పడిన నగరం, ఆ నగరంలో అప్పుడు నడుస్తూవున్న చరిత్ర, అందులో కనిపించవు. ఈ వ్యాసం ఆ రెంటినీ కలిపి చూడడానికి చేసే ప్రయత్నం.

2

సాహిత్య విమర్శకు ఉద్దేశించిన పత్రికలో బంతాట ఏమిటని కొందరు అడగవచ్చు. వారికి ఒక విషయం గుర్తుచేయాలి. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ప్రకటించినప్పుడు, రాజుల వంశావళులను పక్కకు నెట్టి, ప్రజల తిండి, బట్ట, పండుగ, పందెం, ఆటపాటలు చరిత్రలో భాగమని చూపించారు. కావ్యాలలో చెదురుమదురుగా పడివున్న ఆటల పేర్లను సైతం ఆయన ఏరి తెచ్చారు. అటు వెస్టిండీస్ మార్క్సిస్టు సి.ఎల్.ఆర్. జేమ్స్ 1963లో క్రికెట్టుపై గ్రంథం రాసి, వలసపాలనను, వర్ణవివక్షను, వర్గాన్ని అర్థం చేసుకోవడానికి ఆటస్థలం కూడా ఒక చోటేనని నిరూపించాడు. మన అభ్యుదయ విమర్శ కర్మాగారాన్ని చూసింది, పొలాన్ని చూసింది, జైలును చూసింది. సాయంకాలం పని దిగిన మనిషి ఎక్కడికి పోతాడన్న విషయాన్ని మాత్రం అంతగా పట్టించుకోలేదు.

ఇంకొక ఆక్షేపణ కూడా వున్నది. ఆటలు ప్రజలను పోరాటంనుంచి మళ్ళించే మత్తుమందులన్న మాట మన సభల్లో తరచు వినిపిస్తుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. పాలకులు ఆటను వాడుకున్నారు, వాడుకుంటున్నారు కూడా. కాని పాలకులు భాషనూ వాడుకున్నారు, బడినీ వాడుకున్నారు. అందువల్ల మనం భాషను, బడిని వదులుకోలేదు, వాటికోసం పోట్లాడుతున్నాం. 1911లో మోహన్ బగాన్ ఆటగాళ్ళు కలకత్తాలో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచినప్పుడు, ఆ మైదానంలో జరిగినదాన్ని మత్తుమందు అనగలమా?

3

మెస్సీ దేశానికి, హైదరాబాదుకు మధ్య నిజంగా పోల్చదగినది ఏదైనా వుంటే అది మరొక కాలానికి చెందినది. 1948 ఫిబ్రవరి, మార్చి నెలల్లో చిలీ రాజధాని శాంటియాగోలో దక్షిణ అమెరికా క్లబ్బు ఛాంపియన్ల పోటీ మొట్టమొదటిసారి జరిగింది. స్థానిక కోలో-కోలో క్లబ్బు దాన్ని ఏర్పాటు చేసింది. ఏడు దేశాలనుంచి ఏడు జట్లు వచ్చాయి. ప్రతి జట్టూ మిగిలిన ఆరింటితో ఆడింది. బ్రెజిల్‌కు చెందిన వాస్కో ద గామా ఒక్క ఓటమి లేకుండా, నాలుగు విజయాలు, రెండు సమాన ఫలితాలతో విజేతగా నిలిచింది. అర్జెంటీనా రివర్ ప్లేట్ రెండవ స్థానంలో నిలిచింది. 1955లో మొదలైన యూరపు కప్పుకు, 1960లో మొదలైన లిబెర్టడోరెస్ కప్పుకు ఇది పూర్వరంగం.

ఫలితాలకన్న మనకు ముఖ్యమైనది ఆ క్లబ్బుల పుట్టుక. వాస్కో ద గామా 1898లో పోర్చుగీసు వలసదారులు పెట్టిన పడవపందేల సంఘం. 1923లో ఆ క్లబ్బు నల్లజాతివారిని, కూలిపనివారిని, చదువురానివారిని జట్టులో చేర్చుకొని రియో నగర ఛాంపియన్‌షిప్పు గెలిచింది. మరుసటి సంవత్సరం సంపన్నుల క్లబ్బులు వేరే లీగు పెట్టుకొని, పన్నెండుమంది ఆటగాళ్ళను తొలగిస్తేనే వాస్కోకు చోటు అన్నాయి. వాస్కో అధ్యక్షుడు తొలగించబోమని ఉత్తరం రాశాడు. 1927లో ఆ క్లబ్బు సొంత స్టేడియం కట్టుకున్నది. అభిమానులు చందాలు వేసుకున్నారు. పక్కదేశాల్లోనూ ఇటువంటి ఉదాహరణలు వున్నాయి. ఉరుగ్వేలోని పెన్యరోల్ క్లబ్బు 1891లో రైల్వే ఉద్యోగుల మధ్య పుట్టింది. బ్యూనస్ ఏర్స్‌లో చకారితా జూనియర్స్ 1906 మే 1న ఏర్పడింది. అర్జెంటీనోస్ జూనియర్స్‌గా మారిన కుర్రవాళ్ళ జట్లలో ఒకదాని పేరు ‘చికాగో అమరవీరులు’. మేడే చరిత్ర తెలిసినవారికి ఆ పేరును వివరించనక్కరలేదు.

అక్కడ అంతా సుభిక్షమని చెప్పడం నా ఉద్దేశం కాదు. శాంటియాగో పోటీ జరిగిన 1948లోనే ఉరుగ్వే, అర్జెంటీనా ఆటగాళ్ళు తమ సంఘాల గుర్తింపుకోసం, జీతాలకోసం సమ్మె చేశారు. ఉరుగ్వే సమ్మె నాయకుల్లో ఒకడైన ఒబ్దూలియో వరేలా రెండేళ్ళ తర్వాత, 1950 జూలై 16న, ప్రపంచకప్పు పోటీలో తన దేశానికి కెప్టెన్‌గా మరకానా స్టేడియంలో బ్రెజిల్‌ను 2-1తో ఓడించాడు. రివర్ ప్లేట్ తరపున శాంటియాగోలో ఆడిన డి స్టెఫానో సమ్మె తర్వాత దేశం విడిచి కొలంబియా వెళ్ళాడు. వాస్కో గోల్‌కీపరు బర్బోసా నల్లజాతివాడు. 1950 ఓటమికి బ్రెజిల్ అతణ్ణి బాధ్యుణ్ణి చేసి, 2000లో చనిపోయేదాకా క్షమించలేదు. అక్కడ కూడా ఆటగాడు కార్మికుడే, దోపిడీకి గురైనవాడే. కాని తన యజమాని ఎవరో అతనికి తెలుసు. సమ్మె చేయడానికి ఒక సంఘం వున్నది. క్లబ్బుకు సభ్యులున్నారు, వారికి ఓటున్నది. హైదరాబాదును చూసేటప్పుడు ఈ తేడాను మనసులో వుంచుకోవాలి.

4

మన దేశంలో పెద్దకప్పులు బ్రిటిష్‌వారు పెట్టినవి. డ్యూరాండ్ 1888లో సిమ్లాలో, రోవర్స్ దాని తర్వాత కొద్దికాలానికే బొంబాయిలో మొదలయ్యాయి. అర్ధశతాబ్దంపాటు అవి బ్రిటిష్ రెజిమెంట్ల సొత్తు. రోవర్స్‌ను మొదట గెలిచిన భారతీయ జట్టు బెంగుళూరు ముస్లిమ్స్, 1937లో. డ్యూరాండ్‌ను మొదట గెలిచినది కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్, 1940లో. తర్వాత యుద్ధం, దేశవిభజన. డ్యూరాండ్ పోటీ తిరిగి 1950లోగాని జరగలేదు. అంటే 1950 సీజను స్వతంత్ర భారతదేశంలో డ్యూరాండ్‌కు మొదటి సీజను. అంతకుముందు యేడు రోవర్స్‌ను ఈస్ట్ బెంగాల్ గెలుచుకున్నది. తెలుగుపేరు గల అప్పారావుతోసహా అయిదుగురు ముందువరుస ఆటగాళ్ళు ‘పంచపాండవులు’గా ప్రసిద్ధికెక్కిన జట్టు అది. అందరి దృష్టీ కలకత్తా మీదే వున్నది.

హైదరాబాదులో పోలీసు జట్టు 1939లో ఏర్పడింది. అంతకు చాలాముందునుంచే నగరంలోని కళాశాలల్లో, మొహల్లాల్లో, సికిందరాబాదు కంటోన్మెంటు చుట్టూవున్న బస్తీల్లో బంతాట పాతుకొనివున్నది. పాతబస్తీ ముస్లిం కుర్రవాళ్ళు, దండుబజారు చుట్టుపక్కల తమిళ కుటుంబాల పిల్లలు, ఆంగ్లో-ఇండియన్లు కలిసి ఆడే ఆట అది. తర్వాతికాలంలో దేశానికి పేరు తెచ్చిన పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరామ్ ఇద్దరూ ఈ జంటనగరాల తమిళ కుటుంబాల బిడ్డలే.

ఆ నగరం 1950నాటికి ఏ స్థితిలో వున్నదో మరచిపోరాదు. 1948 సెప్టెంబరులో భారతసైన్యం ప్రవేశించింది. ఆ తర్వాత జిల్లాల్లో జరిగిన హత్యాకాండలో తక్కువలోతక్కువ 27 వేలనుంచి 40 వేలవరకు ప్రాణాలు పోయాయని ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ బృందం అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటకు రాలేదు. నిజాం సైన్యం రద్దయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దారు పతనం మనం ఆహ్వానించవలసిందే. కాని ఆ జాగీరును, ఆ సైన్యాన్ని, ఆ కచేరీలను ఆధారం చేసుకొని బతికిన బంట్రోతులు, సిపాయీలు, గుమాస్తాలు ఒక్కసారిగా వీధిన పడ్డారు. వారిలో ఎక్కువమంది బీద ముస్లింలు. ఇటువంటి ఇంటినుంచి వచ్చిన ఇరవై యేళ్ళ కుర్రవాడికి పోలీసు కానిస్టేబులు ఉద్యోగమంటే నెల తిరిగేసరికి ఇంట్లో పొయ్యి వెలగడం. బంతి బాగా తన్నగలిగితే ఆ ఉద్యోగం దొరుకుతుంది. హైదరాబాదు ఫుట్‌బాల్ ఆర్థికశాస్త్రమంతా ఈ రెండు వాక్యాల్లో వున్నది.

5

రహీం 1909లో హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకొని, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైనచోట్ల బడులలో పంతులుగా పనిచేశాడు. వ్యాయామవిద్యలో డిప్లొమా సంపాదించాడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. చనిపోయేదాకా ఆ పదవిలో వున్నాడు. 1950లో పోలీసు జట్టు శిక్షణ చేపట్టాడు.

ఆయన గొప్ప ఆటగాడిగా పేరు మోసినవాడు కాడు. ఆయన గొప్పతనం బోధనలో వున్నది. ఆయన పద్ధతిని చూస్తే ఇది స్పష్టమౌతుంది. పిల్లలకు ఆయన ఏర్పాటు చేసిన పోటీలు విచిత్రమైనవి. ఒక పోటీలో బంతిని కాళ్ళదగ్గర పెట్టుకొని ఒక్కడే దూసుకుపోవడం నిషిద్ధం. వెంటనే తోటివాడికి అందించాలి. ఇంకొకదానిలో వాటంలేని కాలితోనే ఆడాలి. మరొకదానిలో ఎత్తు పరిమితి. ఆ గీత దాటిన పిల్లవాడికి ప్రవేశం లేదు.

ఈ మూడు నియమాలను ఉపాధ్యాయులు ఒకసారి ఆలోచించి చూడాలి. మొదటిది ప్రతిభావంతుడైన కుర్రవాడికి సహజంగా వుండే అహంకారాన్ని అదుపులో పెట్టి, పక్కవాడు ఎక్కడున్నాడో చూసే అలవాటు చేస్తుంది. రెండవది మనిషి తనకు చేతగానిదాన్ని తప్పించుకొని తిరగకుండా ఎదుర్కొనేటట్టు చేస్తుంది. మూడవది బక్కపలచని పిల్లవాణ్ణి బలిసినవాడు తోసివేయకుండా కాపాడుతుంది. బీదయిళ్ళ పిల్లలు సాధారణంగా ఎత్తు తక్కువ, బరువు తక్కువ. ఆ నియమం లేకపోతే వారు మైదానం బయటనే మిగిలిపోయేవారు. రహీం సోషలిజం చదివాడని నేను అనడంలేదు. తరగతిగదిలో పంతులుగా నేర్చుకున్నదాన్ని ఆయన మైదానంలోకి తెచ్చాడని మాత్రమే అంటున్నాను.

ఫలితం జట్టు ఆటలో కనిపించింది. ఒక్క వీరుడిమీద ఆధారపడని ఆట వారిది. బంతి పొట్టిపొట్టి అందింపులతో నేలమీద నడుస్తుంది. ఎవరిచోటు వారు వదలి మరొకరిచోటుకు సులువుగా మారతారు. దేహబలంలో తమకన్న మించినవారిని వారు ఈ క్రమశిక్షణతోనే ఎదుర్కొన్నారు.

6

1950లో ఈ జట్టు బొంబాయి వెళ్ళి రోవర్స్ గెలిచింది. ఢిల్లీలో డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. కలకత్తా క్లబ్బులకు లక్షలాది అభిమానులున్నారు, డబ్బున్నది, దేశం నలుమూలలనుంచి ఆటగాళ్ళను రప్పించుకునే శక్తి వున్నది. హైదరాబాదు జట్టుకు ఒక నగరపు పిల్లలు, ఒక పంతులు మాత్రమే వున్నారు. ఆ గెలుపు గాలివాటుగా వచ్చింది కాదని తర్వాతి సంవత్సరాలు తేల్చాయి. 1950నుంచి 1954వరకు అయిదేళ్ళు వరుసగా రోవర్స్ కప్పు హైదరాబాదు విడిచి పోలేదు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్ వంటివారు 1952లో దేశం తరపున హెల్సింకీ ఒలింపిక్సుకు వెళ్ళారు.

అదే 1950లో బ్రెజిల్ ప్రపంచకప్పుకు భారతజట్టు అర్హత పొందికూడా వెళ్ళలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వమన్నందువల్ల వెళ్ళలేదన్న కథ ఈనాటికీ చెప్పుకుంటారు. అసలు సంగతి అది కాదు; ఆ పోటీ విలువ మన సంఘపెద్దలకు తెలియలేదు. ఒలింపిక్సే వారి కళ్ళకు ఆనింది. మరకానాలో ఒబ్దూలియో వరేలా కప్పు ఎత్తుతున్నప్పుడు మనవాళ్ళు ఎక్కడో ఒక మూల నిలబడైనా చూడవలసింది. ఆ అవకాశాన్ని జారవిడిచినది ఆటగాళ్ళు కారు.

ఇక్కడ మనం అసలు చిక్కుముడికి వస్తాం. ఆ చొక్కామీద ‘పోలీసు’ అన్నమాట వున్నది. 1950లో తెలంగాణ రైతాంగ సాయుధపోరాటం ఇంకా సాగుతూనేవున్నది. 1951 అక్టోబరులోగాని విరమించలేదు. ఆ పోరాటంలో నాలుగువేలమంది కమ్యూనిస్టులు, రైతుయోధులు నేలకొరిగారని పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో ప్రకటించిన గ్రంథంలో రాశారు. గ్రామాలమీద దాడిచేసినది ముఖ్యంగా సైన్యం, ప్రత్యేక సాయుధ పోలీసు బలగాలు. నగర పోలీసు వేరు. చరిత్ర రాసేటప్పుడు ఈ తేడా పాటించడం న్యాయం. అయినా రాజ్యం ఒక్కటే, ఆ లాఠీ వెనకవున్న అధికారం ఒక్కటే.

ఇద్దరు మనుషులను పక్కపక్కన వుంచి చూద్దాం. మఖ్దూం మొహియుద్దీన్ 1908లో పుట్టాడు, రహీం 1909లో. ఇద్దరూ ఉస్మానియాలో చదివినవారే. ఇద్దరూ ఆ నగరంలోనే పాఠాలు చెప్పినవారే. మఖ్దూం సిటీ కాలేజీలో, రహీం బడులలో. మఖ్దూం హైదరాబాదులో అభ్యుదయ రచయితల ఉద్యమానికి ఊపిరిపోసి, కార్మికసంఘాలు కట్టి, సాయుధపోరాట కాలంలో అజ్ఞాతంలోకి వెళ్ళాడు. పోలీసులు ఆయనకోసం వెతుకుతూవున్న ఆ రోజుల్లోనే, ఆయన ఈడువాడైన మరొక పంతులు పోలీసుల జట్టుకు ఆట నేర్పుతున్నాడు.

దీన్ని చూసి కొందరు తేలికగా తీర్పు చెబుతారు: ఒకడు ప్రజలపక్షం, మరొకడు ప్రభుత్వపక్షం. నేను దీనికి ఒప్పుకోను. రహీం నేర్పిన కుర్రవాళ్ళు ఏ వర్గంనుంచి వచ్చారో మఖ్దూం సంఘాలు కట్టిన కార్మికులూ ఆ వర్గంనుంచే వచ్చారు. ఒకే బస్తీలో ఒక అన్న మిల్లులో చేరితే, తమ్ముడు బంతి ఆడి పోలీసులో చేరివుంటాడు. రాజ్యం బీదవాణ్ణి తన యూనిఫారంలోకి తీసుకుంటుంది. ఆ యూనిఫారంలోనూ అతను బీదవాడే. అలాగని మరోవైపుకు కూడా పోరాదు. కప్పులు గెలిచారు కనుక ఆనాటి పోలీసు చరిత్ర ఉజ్వలమైనదని ఎవరైనా అంటే అదీ అబద్ధమే. కీర్తి ఆటగాళ్ళది, పంతులుది, వారిని కన్న బస్తీలది. కప్పు పెట్టుకున్న అలమారా మాత్రమే పోలీసుశాఖది.

7

అలమారా ఎవరిదన్నది చిన్న విషయం కాదని తర్వాతి చరిత్ర రుజువు చేసింది.

మొదట వచ్చినవన్నీ మంచిరోజులే. హెల్సింకీలో యుగోస్లావియాచేతిలో 10-1తో చిత్తుగా ఓడిన భారతజట్టులో చాలామంది వట్టికాళ్ళతో ఆడారు. స్వదేశంలో డెబ్బై నిమిషాల ఆటకు అలవాటుపడినవారు తొంభై నిమిషాల ఆటకు తట్టుకోలేకపోయారు. ఆ దెబ్బతర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో రహీం శిక్షణలో భారతజట్టు సెమీఫైనల్ చేరి నాలుగవ స్థానం సంపాదించింది. సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57లోనూ, 1957-58లోనూ గెలిచింది. రాష్ట్రం ఏర్పడిన కొన్నాళ్ళకు నగరపోలీసు జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా మారింది. 1961లో మళ్ళీ డ్యూరాండ్ గెలిచింది. 1962లో జకార్తాలో, లోపల క్యాన్సరు తినేస్తూవుండగా, రహీం భారతజట్టుకు ఆసియా క్రీడల స్వర్ణపతకం సాధించిపెట్టాడు. ఫైనల్లో దక్షిణకొరియాపై 2-1. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశాడు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. మళ్ళీ ఆ ట్రోఫీ తెలుగునేలకు రాలేదు.

పతనానికి రహీం మరణమే కారణమని చెప్పడం సులువు. ఒక మనిషి పోతే ఒక విద్య పోతుందంటే, ఆ విద్యకు సంస్థ లేదని అర్థం. అసలు లోపం అక్కడ వున్నది. హైదరాబాదు జట్టు ఒక ప్రభుత్వశాఖ జట్టు. దానికి సభ్యులు లేరు, చందాలు లేవు, ఓటు లేదు, సొంత మైదానం లేదు. పై అధికారికి ఆటమీద మక్కువ వుంటే ఆటగాళ్ళకు ఉద్యోగాలు దొరుకుతాయి. ఆయన బదిలీ అయితే, వచ్చినాయనకు వేరే ఆటమీద మక్కువ వుంటే, తలుపు మూతపడుతుంది. ఆటగాడు కాగితంమీద ఔత్సాహికుడు, నిజానికి కానిస్టేబులు. జీతం ఆటకు కాదు కనుక ఆటకు జీతం అడిగే హక్కు లేదు. ఉరుగ్వే ఆటగాళ్ళలాగా సమ్మె చేయడానికి వీలులేదు. పోలీసు సమ్మె తిరుగుబాటు కింద లెక్క. అతనికున్న ఒకే దారి కలకత్తా రైలెక్కడం. 1957లో బలరామ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. ఆయనకు ముందూ వెనకా ఎందరో వెళ్ళారు. దేశజట్టుకు ఆటగాళ్ళను పండించిన నగరం తన పంటను తాను నిలుపుకోలేకపోయింది.

రెండవ కారణం నేల. ఎత్తు తక్కువ పిల్లలకు పోటీలు పెట్టాలంటే ముందు ఖాళీస్థలం కావాలి. నగరం పెరిగినకొద్దీ గజానికి ధర పెరిగింది. బస్తీల మధ్య మిగిలిన మైదానాలు ఒక్కొక్కటే కట్టడాల కిందకి వెళ్ళాయి. మూడవది మార్కెట్టు. టీవీ వచ్చాక ప్రకటనల డబ్బంతా క్రికెట్టువైపు మళ్ళింది. రోవర్స్ కప్పు ఈ శతాబ్దం మొదట్లోనే ఆగిపోయింది. హైదరాబాదు అయిదేళ్ళు వరుసగా గెలిచిన పోటీ ఈనాడు లేనేలేదు.

చివరకు కంపెనీ జట్లు వచ్చాయి. రాజ్యపు పోషణ పోయి పెట్టుబడి పోషణ వచ్చింది. మొదటి దానిలో ఆటగాడికి పింఛనైనా వున్నది. రెండవ దానిలో జీతపు బకాయిలగురించి అంతర్జాతీయ సమాఖ్యకు ఫిర్యాదు చేసుకోవలసివచ్చింది. రెంటిలోనూ ఊరికి భాగం లేదు. కాబట్టే 2025లో జట్టు ఢిల్లీ వెళ్ళిపోతే ఆపగల హక్కు హైదరాబాదు పౌరుడికి లేకపోయింది.

8

దక్షిణ అమెరికాలో ఈ పోరాటం ముగిసిందని భ్రమపడనక్కరలేదు. అభిమానుల చందాలతో స్టేడియం కట్టుకున్న వాస్కో ద గామా సయితం 2022లో తన ఫుట్‌బాల్ విభాగంలో అధికభాగాన్ని అమెరికన్ పెట్టుబడి సంస్థకు అమ్ముకున్నది. 2024లో ఆ వ్యవహారం న్యాయస్థానానికి ఎక్కి, పెత్తనం తిరిగి క్లబ్బు చేతికి వచ్చింది. అర్జెంటీనాలో 2023 డిసెంబరులో కొత్త ప్రభుత్వం, క్లబ్బులు కంపెనీలుగా మారడానికి దారితీసే ఉత్తర్వు తెచ్చినప్పుడు, సభ్యులకు చెందిన క్లబ్బులు ఎదురుతిరిగాయి. ఎదురుతిరగడానికి వారికి సభ్యత్వమనే ఆయుధం వున్నది. ఆ ఆయుధాన్ని వారి తాతలు, రైల్వే ఉద్యోగులు, వలసకూలీలు, మేడేనాడు సంఘం పెట్టుకున్న కుర్రవాళ్ళు, తయారుచేసి ఇచ్చి వెళ్ళారు.

మనకు ఆ వారసత్వం లేదు. ఉన్నది రహీం ఇచ్చినది. అది కప్పుల జాబితా కాదు, ఒక బోధనాపద్ధతి. అది బడిలో పుట్టింది గనుక తిరిగి బడిలోనే బతకగలదు. మా రామచంద్రపురంవంటి చిన్న ఊళ్ళలో ఫుట్‌బాల్ క్లబ్బులు లేకపోవచ్చు. కాని ఉన్నత పాఠశాలల వెనక, కళాశాలల పక్కన ఇంకా కొంత ఖాళీనేల మిగిలివున్నది. ఆ నేలమీద దుకాణాల వరుస లేస్తుందా, పిల్లలు ఆడుకుంటారా అన్నది అక్కడి ఉపాధ్యాయులు, విద్యార్థిసంఘాలు గట్టిగా నిలబడడంమీద ఆధారపడి వుంటుంది. వ్యాయామోపాధ్యాయుడి పోస్టు ఖాళీగా వుంటే దాన్ని నింపమని అడగడం లెక్కల పంతులును అడగడమంత సహజం కావాలి. ఆడపిల్లలకు ఆ మైదానంలో చోటు వుండాలి. 1950 హైదరాబాదు కథలో వారికి చోటే లేదన్నది ఆ కథలోని మరొక లోపం.

ఇవి చిన్న కోరికలుగా కనిపించవచ్చు. రహీం కూడా చిన్న పిల్లల చిన్న పోటీలతోనే మొదలుపెట్టాడు. పంచాయతీలో, కళాశాల కమిటీలో, విద్యార్థిసంఘ మహాసభ తీర్మానాల్లో మైదానం విషయం ఈ సంవత్సరమే చేర్చాలని నా మనవి. ఎవరి పేరున వున్నదో పట్టాలు తీయించి చూడడంతో ఆ పని మొదలుపెట్టవచ్చు.